తొంభై గ్రాముల తగవు

మన తెలుగులో తూచడం వేరు, కొలవడం వేరు. త్రాసులో పెట్టి బరువు చూస్తే తూచడం. పాత్రలో పోసి, అంచుదాకా వచ్చిందా లేదా అని చూస్తే కొలవడం. ప్రభుత్వం వారు కూడా ఈ భేదాన్ని గౌరవించి, ఆ పని చూసే శాఖకు తూనికలు కొలతల శాఖ అని జంటపేరు పెట్టారు. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు తూచే సరుకులు. పాలు, మజ్జిగ కొలిచే సరుకులు. బియ్యం ఒకప్పుడు కుంచాలతో కొలిచేవారు, ఇప్పుడు తూస్తున్నారు. వీటిలో దేనితోనూ మనకు పేచీ లేదు. పేచీ అంతా ఒక్క నూనెతోనే. ద్రవం కనుక నన్ను కొలవమంటుంది, ఖరీదైన సరుకు కనుక తూచమంటుంది. ఒక అంగట్లో లీటరు ఇంత అంటారు, ఎదురంగట్లో కిలో ఇంత అంటారు. ఇంటికి తెచ్చాక మనం రెండింటినీ ఒకే సీసాలో పోసి, రెండూ ఒకటే అనుకుని నిశ్చింతగా పోపు పెట్టుకుంటాం.

రెండూ ఒకటి కావండీ. లీటరు వంటనూనె ఇంచుమించు 910 గ్రాములు తూగుతుంది. కిలోకి 90 గ్రాములు తక్కువ. ఆ 90 గ్రాములు ఎవరి పద్దులోంచి పోతున్నాయి అన్నదే ఈ వారం మన ముచ్చట.

తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి నూనె లెక్కలతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మొదటి సంగతి, నేనుండేది బేస్తవారిపేటలో. బృహస్పతివారమే జనం నోట అరిగి అరిగి బేస్తవారమైంది. ఊరి పేరులోనే దేవతల గురువుగారు వచ్చి కూర్చున్నాక, ఆ ఊళ్లో ఉంటున్న పంతులమ్మ ఒక లెక్క చెబితే తప్పు పట్టకూడదు. రెండో సంగతి, ఈ చిక్కు సగమే లెక్కలది. మిగతా సగం మాటలది.

నూనె అనే మాటనే చూడండి. అందులో నువ్వు ఉంది, నెయ్యి ఉంది. నువ్వుల నుంచి తీసిన నెయ్యి నూనె. సంస్కృతంలో తైలం కూడా తిలల నుంచి వచ్చిందే. పూర్వం నూనె అంటే నువ్వులదే. తర్వాత వేరుశెనగ వచ్చింది, పొద్దుతిరుగుడు వచ్చింది, తవుడు వచ్చింది, సముద్రం దాటి పామాయిలు వచ్చింది. పేరు మాత్రం నువ్వులదే నిలిచిపోయింది. వేరుశెనగ నూనె అన్నప్పుడల్లా మనం వేరుశెనగ నువ్వుల నెయ్యి అంటున్నామన్న మాట! సరుకు మారినా మాట మారకపోతే ఇబ్బంది లేదు. కొలత మారినా మాట మారకపోతేనే ఇబ్బంది.

ఇంకో మాట చూడండి: తేలిక. తేలేది ఏదో అది తేలిక. నూనె నీటికన్నా తేలిక అని చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. చారులో పోపు పైకి తేలుతుంది. ప్రమిదలో నీళ్లు పోసి పైన నూనె పోస్తే, నూనె పైనే ఉండి దీపం వెలుగుతుంది. ఇది చూడని తెలుగు ఇల్లు లేదు. అయినా లీటరు నూనె కిలో ఉంటుందని నమ్మని ఇల్లు కూడా తక్కువే.

ఎందుకు నమ్ముతాం? ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1790లలో ఫ్రాన్సు దేశంలో కొత్త కొలతలు తయారు చేసినప్పుడు అక్కడి పండితులు బరువుకూ కొలతకూ నీటిని మధ్యవర్తిగా పెట్టారు. లీటరు నీళ్ల బరువు కిలో అన్నారు. నీటి విషయంలో ఈనాటికీ ఆ మాట సరిపోతుంది. పాలు కిలోకి కాస్త ఎక్కువ, లీటరు 1,030 గ్రాముల దాకా తూగుతాయి. తేనె అయితే 1,400 గ్రాములు దాటుతుంది. నూనెలు మాత్రం నీటికి తక్కువే. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు అన్నీ 910, 920 గ్రాముల దగ్గరే తిరుగుతాయి. మన ఆముదం ఒక్కటి కాస్త బరువు, 950 దాటుతుంది. అదీ కిలో కాదు. నీటికి చెల్లిన న్యాయం నూనెకు చెల్లదు. బడిలో నీటి పాఠం నేర్చుకుని, అంగట్లో నూనెకు అప్పజెప్పడం వల్ల వచ్చిన చిక్కిది.

ఈ తికమక మన తరంతో మొదలైంది కాదు. పాతకాలం వాళ్లకు కొలతల మాటలు మనకన్నా ఎక్కువ, తగవులు కూడా ఎక్కువే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇవి కొలతలు. మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఇవి తూనికలు. వీశె అంటే ఇప్పటి లెక్కలో 1,400 గ్రాములు. ఇంతవరకూ చక్కగానే ఉంది. శేరు దగ్గరికి వచ్చేసరికి పంచాయితీ మొదలు. మద్రాసు లెక్కలో శేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. ఉత్తరాదిలో ఇంగ్లీషువాళ్లు ఖాయం చేసిన శేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. ఇవి చాలవన్నట్టు కొలిచే శేరు ఇంకొకటి. ఒకే పేరుతో ముగ్గురు మనుషులు ఒకే వీధిలో ఉంటే ఉత్తరాలు ఎలా తారుమారవుతాయో బేరాలూ అలాగే తారుమారయ్యేవి. శేరుకు సవాశేరు అన్న మాట ఊరికే పుట్టలేదు.

మా ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు మారకముందు, మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్లన్నీ కర్నూలు జిల్లావి. ఆ కొత్త జిల్లాలో గుంటూరు ముక్క ఉంది, నెల్లూరు ముక్క ఉంది, కర్నూలు ముక్క ఉంది. మూడు వైపుల మాటలూ మా వీధిలో వినిపిస్తాయి. ఒకరు బుడ్డలంటే ఇంకొకరు వేరుశెనక్కాయలంటారు.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం 1956లో ప్రామాణిక తూనికలు కొలతల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు రావడం మొదలుపెట్టి, 1962 నాటికి పాత తూకాలను సాగనంపాయి. వీశె ధర తెలిస్తే పద్నాలుగుతో భాగించి పదితో గుణించాలి, అప్పుడు కిలో ధర వస్తుంది. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు కూడా, ఈ లెక్కను వేళ్ల మీద వేసి నెగ్గుకొచ్చారు. వాళ్లకు కిలో తెలుసు, వీశె తెలుసు. వీటిలో ఒకటి ఇంకొకటి కాదన్న సంగతి మరీ బాగా తెలుసు. పేర్లు వేరుగా ఉన్నాయి కనుక జాగ్రత్త పడ్డారు. మనకు లీటరూ కిలో రెండూ వెయ్యికి వెయ్యి కనుక జాగ్రత్త తప్పింది. అక్కడ వెయ్యి మిల్లీలీటర్లు, ఇక్కడ వెయ్యి గ్రాములు. వెయ్యిని చూసి తోకను మరిచిపోతాం.

అమెరికాలో కాపురం చేస్తున్న మన అమ్మాయిలకు ఇంకో రకం శేరు తగులుతుంది. అక్కడ ఔన్సు అనే మాట తూకానికీ ఉంది, ద్రవాలు కొలవడానికీ ఉంది. 48 ఔన్సుల నూనె సీసా అంటే అది ద్రవపు ఔన్సు, దాదాపు 1,420 మిల్లీలీటర్లు. తూస్తే 1,290 గ్రాములకు అటూ ఇటూ. దాన్ని తూకపు ఔన్సు అనుకుంటే 1,360 గ్రాములు ఉందని భ్రమపడతాం. ఫోనులో అమ్మ చెప్పిన కిలో లెక్కకు ఆ సీసాతో వంట చేస్తే డెబ్బై గ్రాములు ఎక్కడికి పోయాయో తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు.

చరిత్ర కట్టిపెట్టి ఇంటి సంగతికి వద్దాం. మొన్న ఎండాకాలం మా పక్కింట్లో ఆవకాయ పెట్టారు. ఆ ఇంటి పెద్దావిడకు డెబ్బై దాటాయి. చేయి చల్లని మనిషి. ఆమె పెట్టిన జాడీ మరుసటి ఏడాది ఉగాది దాకా ఎర్రగా నవ్వుతూ ఉంటుంది. కోడలికి మూడు కేజీల నువ్వుల నూనె తెమ్మని చెప్పింది. కోడలు మూడు లీటరు ప్యాకెట్లు తెచ్చింది. కలిపారు, జాడీకెత్తారు, వాసెన కట్టారు. మూడోనాడు తిరగ కలపబోతే నూనె పైకి తేలలేదు. ముక్కలు మునగలేదు. ఊరగాయ పెట్టేవాళ్లకు అంతకన్నా కలవరం ఇంకోటి ఉండదు. పైన నూనె నిలవకపోతే గాలి తగిలి బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలు.

నేను కాలేజీనుంచి వచ్చేసరికి పెద్దావిడ మా అరుగు మీద ఉంది.

“చూడమ్మాయ్, మూడు కేజీలు తెమ్మంటిని. మూడూ పోసినానంటది. మూడూ పోస్తే ముక్క మునగదా? మిగతాది యాడికి పోయినట్టు?”

ఆ చివరి ప్రశ్నలో ఉన్న ముల్లు మీకు తెలుస్తూనే ఉంది. కోడలి పుట్టిల్లు కంభంలో, బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. ఆ వారమే ఆ పిల్ల పుట్టింటికి వెళ్లొచ్చింది కూడాను. గుమ్మంలో నిలబడి కొంగు నలుపుతూ ఆమె అన్నది ఒకే మాట.

“లీటరంటే కేజీనే గదక్కా?”

నాకు తగవు తీర్చే ధైర్యం లేదు కాని తూచే ధైర్యం ఉంది. ఎలాగూ జాడీలో పోయడానికి ఇంకో ప్యాకెట్టు కొనాలి. ముగ్గురం వీధి చివరి అంగడికి వెళ్లి, అదే రకం ప్యాకెట్టు తీసుకుని, అక్కడున్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టించాం. కవరు బరువుతో సహా కిలో లేదు. తొమ్మిది వందల పదిహేను దగ్గర అంకె ఆగింది. ప్యాకెట్టు తిప్పి చూస్తే, పెద్ద అక్షరాల్లో 1 లీటరు. దాని కింద, చీమలు పాకినట్టు, 910 గ్రాములు. మూడు ప్యాకెట్లకు 270 గ్రాములు తక్కువ. పావుకిలో పైచిలుకు నూనె. జాడీ పైన తేలాల్సింది అదే.

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని ఆ చిన్న అంకెను చాలాసేపు చూసింది. కోడలి వైపు చూడకుండానే, “ఈ మాటను కూడా పెద్ద అక్షరాల్లో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?” అన్నది. ఆ ప్యాకెట్టును కోడలి చేతికే ఇచ్చి, “నువ్వే పొయ్యి జాడీలో” అన్నది. అత్తగార్లు క్షమాపణ చెప్పే భాష అది. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఆ 90 గ్రాములు అంగడివాడు దొంగిలించలేదు, కోడలు దాచలేదు. అసలు అవి ఆ ప్యాకెట్లలో ఎప్పుడూ లేవు. లేని నూనెకు ఎవరో ఒకరి మీద నింద పడుతుంది. ఆ నింద సాధారణంగా ఇంట్లో మాట చెల్లని మనిషి మీదే పడుతుంది. అందుకని ఈ చిన్న లెక్కను చిన్నదని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇక బేరం సంగతి చూద్దాం. ఇప్పుడు మళ్లీ గానుగ నూనె మీద జనానికి మోజు పుట్టింది. గానుగవాళ్లలో చాలామంది కిలో లెక్కన అమ్ముతారు. కిరాణా కొట్లో ప్యాకెట్టు లీటరు లెక్కన ఉంటుంది. ప్యాకెట్టు లీటరు 182 రూపాయలు, గానుగలో కిలో 195 రూపాయలు అనుకోండి. ఏది చవక? పైకి చూస్తే ప్యాకెట్టే పదమూడు రూపాయలు చవక. మార్కాపురం పలక ఒకటి తీసుకుని లెక్క వేయండి. మా పక్క ఊరి పలకల మీద దేశంలో ఎన్నో వేలమంది పిల్లలు ఎక్కాలు దిద్దారు, మనం ఒక భాగహారం చేద్దాం. 910 గ్రాములకు 182 రూపాయలైతే, వెయ్యి గ్రాములకు 200 రూపాయలు. అంటే ప్యాకెట్టు నూనె కిలో 200, గానుగ నూనె కిలో 195. చవకనుకున్నది అయిదు రూపాయలు ప్రియం. నూనెల గుణాల సంగతి వేరు, నేను ధర మాటే చెబుతున్నాను.

పెళ్లిళ్లలో ఇది ఇంకా పెరుగుతుంది. వంటాయన పదిహేను కిలోల డబ్బాలు పది కావాలని చీటీ రాసిస్తాడు. కొట్లో పదిహేను లీటర్ల డబ్బా కాస్త తక్కువకు వస్తోందని మనం సంతోషంగా అవే పది వేయించుకుంటాం. పదిహేను లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములు. డబ్బాకు 1,350 గ్రాములు తక్కువ. పది డబ్బాలకు పదమూడున్నర కిలోలు. ఇంచుమించు ఒక డబ్బా మొత్తం! రెండో పంక్తి లేచేసరికి వంటాయన నూనె అయిపోయిందంటాడు. పెళ్లికొడుకు తరపువాళ్లు వంటాయనను అనుమానిస్తారు, వంటాయన స్టోరు గదికి కాపలా ఉన్న మేనమామను అనుమానిస్తాడు. మేనమామ అలిగి పీటల మీదికి రానంటాడు. చేతి చమురు వదలడం అంటే ఇదే.

ఇంకో చిక్కు ఉంది, అది ఎండది. నూనెకు వేడి తగిలితే ఉబ్బుతుంది. చలికాలంలో లీటరు గిన్నెలో పట్టే నూనె, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అదే గిన్నెలో పట్టదు. అంచుదాకా నింపిన సీసా మూత చుట్టూ వేసవిలో జిడ్డు కారేది ఇందుకే. సోయాబీన్ నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919.1 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. డిగ్రీకి గ్రాములో మూడింట రెండు వంతుల చొప్పున తగ్గుతుందన్న మాట. మా ఊళ్లో చలికాలపు తెల్లవారికీ ఎండాకాలపు మధ్యాహ్నానికీ పాతిక డిగ్రీల తేడా వేసుకుంటే, లీటరుకు పదిహేడు గ్రాములు. మనిషికి ఎండలో ప్రాణం పోయినట్టుంటుంది కాని బరువు తగ్గదు. నూనె కూడా అంతే. ఉబ్బుతుంది, బరువు మారదు. అందుచేత కొలత ఋతువును బట్టి మాట మారుస్తుంది, తూనిక మార్చదు.

ఈ గుణాన్ని కనిపెట్టి కొందరు తయారీదార్లు ఒక ఉపాయం చేశారు. ప్యాకెట్టు మీద లీటరు అని రాసి, పక్కన ఇన్ని డిగ్రీల దగ్గర అని చేర్చారు. ఆ డిగ్రీలు కొందరి ప్యాకెట్ల మీద 60 దాకా పోయాయి. అరవై డిగ్రీల వేడిలో లీటరైన నూనె మన ఇంట్లో చల్లబడేసరికి 970 మిల్లీలీటర్లకు దిగుతుంది. అరవై డిగ్రీల ఇంట్లో ఎవరూ కాపురం చేయరు కద! కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో దీన్ని పట్టుకుంది. డిగ్రీల మాట ఎత్తకుండా కొలత రాయండి, దానితోపాటు బరువు కూడా సరిగ్గా రాయండి అని ఆదేశించి, ప్యాకెట్లు సరిదిద్దుకోవడానికి 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. నూనె ప్యాకెట్టు మీద కొలత రాస్తే, దానికి సరిపోయే బరువు కూడా రాసి తీరాలన్నది 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల్లోనే ఉంది. ఆ చీమల అక్షరాలు మనమీద దయతో వేసినవి కావు, చట్టం వేయించినవి.

2022లోనే ఇంకో మార్పు వచ్చింది. అంతకు ముందు నూనె ప్యాకెట్లు అరకిలో, కిలో, రెండు కిలోలు, లేదా అరలీటరు, లీటరు, ఇలా నిర్ణయించిన పరిమాణాల్లోనే ఉండాలని నియమం ఉండేది. దాన్ని ఎత్తివేశారు. తర్వాత బజారులోకి 800 గ్రాములవి, 850 గ్రాములవి దిగాయి. అల్మరాలో లీటరు ప్యాకెట్టు పక్కన నిలబెడితే కవల పిల్లల్లా ఉంటాయి. ఎత్తు అదే, బొమ్మ అదే, ధర నాలుగు రూపాయలు తక్కువ. కాని 850 గ్రాములంటే 934 మిల్లీలీటర్లే. ఆ నియమం పోతూ పోతూ మనకొక మేలు చేసింది. ప్యాకెట్టు మీద గ్రాముకు ఇంత, లేదా మిల్లీలీటరుకు ఇంత అని విడి ధర కూడా వేయాలన్నారు. ఆ అంకెను చూసి పోల్చుకోండి. ఒకదాని మీద గ్రాము, ఇంకోదాని మీద మిల్లీలీటరు ఉంటే, మిల్లీలీటరు ధరకు పదోవంతు కలపండి. అదే గ్రాము ధర.

ఇంతవరకూ మన ఇళ్ల సంగతి. ఇళ్లలో పోతే రూపాయలు పోతాయి, మహా అయితే మాటలు పోతాయి. బడి వంటింట్లో పోయేది వేరు. మధ్యాహ్న భోజనంలో చిన్న తరగతుల పిల్లవాడికి రోజుకు 5 గ్రాముల నూనె, పెద్ద తరగతుల పిల్లవాడికి ఏడున్నర గ్రాములు అని కేంద్రప్రభుత్వపు ప్రమాణం. గ్రాములండీ, మిల్లీలీటర్లు కాదు. నూరుమంది చిన్నపిల్లలున్న బడికి రోజుకు అరకిలో నూనె పడాలి. అరకిలో అంటే అరలీటరే అనుకుని ఒక ప్యాకెట్టు కత్తిరిస్తే, పడేది 455 గ్రాములు. అది 91 మందికి సరిపోతుంది. మిగతా తొమ్మిది మంది వాటా ఏ దొంగా ఎత్తుకుపోలేదు, ఎవరూ అమ్ముకోలేదు. లీటరుకూ కిలోకూ మధ్య సందులో జారిపోయింది. నూరుమందికి నిజంగా కావలసింది 550 మిల్లీలీటర్లు, అంటే అరలీటరు ప్యాకెట్టు, దాని మీద మూడు పెద్ద చెంచాల పైన కొంచెం. ఇంట్లో నెయ్యి ముద్ద, నూనె పోపు ఉన్న పిల్లలకు ఇది లెక్కలోది కాదు. మధ్యాహ్నం బడిలో తినేదే కడుపునిండా తినడమైన పిల్లలు మా వైపు ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు ఇది లెక్కలోదే.

అలాగని ఎక్కువ పోసుకోమని నా భావం కాదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన దగ్గరికి వచ్చింది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన సూచనల్లో, రోజుకు రెండు వేల కేలరీల భోజనం చేసే మనిషికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలన్నారు. కొలతలో 30 మిల్లీలీటర్లు, అంటే పదిహేను మిల్లీలీటర్ల పెద్ద చెంచాతో రెండు. నెలకు మనిషికి 810 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి 3 కిలోల 240 గ్రాములు, లీటర్లలో మూడున్నర పైన కొంచెం. నెయ్యి కూడా ఇందులోనే అని మరిచిపోకండి. నెలకు అయిదు లీటర్ల డబ్బా కాళీ చేసే నలుగురి ఇల్లు ఈ లెక్కను వంటింట్లో ఒక్కసారి చదువుకోవడం మంచిది. నా మాట మీద కోపం వస్తే బజ్జీలు వేయించుకున్నాక చదువుకోండి.

ఇక లెక్క గుర్తు పెట్టుకునే ఉపాయం చెబుతాను. కిలోనుంచి లీటరుకు పోవాలంటే పదోవంతు కలపండి. కిలో నూనె అంటే 1,100 మిల్లీలీటర్లు. లీటరునుంచి కిలోకు రావాలంటే నూటికి తొమ్మిది తీసేయండి. కలిపేది పది, తీసేది తొమ్మిది ఏమిటని పిల్లలు అడుగుతారు. పదికి పదోవంతు కలిపితే పదకొండు. పదకొండులోంచి మళ్లీ పది కావాలంటే తీయాల్సింది పదకొండోవంతు, అంటే నూటికి తొమ్మిది. ఈ ఒక్క ముక్క అర్థమైన పిల్లవాడు ముందుముందు వడ్డీ లెక్కలో కూడా మోసపోడు.

వంటింటి గోడకు అంటించుకోవడానికి ఒక చిన్న పట్టిక:

చిన్న చెంచా, 5 మిల్లీలీటర్లు: నాలుగున్నర గ్రాములు.
పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు: 13 గ్రాములు దాటి 14కు దగ్గర.
పావు లీటరు: 228 గ్రాములు.
అర లీటరు: 455 గ్రాములు.
లీటరు: 910 గ్రాములు.
5 లీటర్లు: 4 కిలోల 550 గ్రాములు.
15 లీటర్లు: 13 కిలోల 650 గ్రాములు.
పావుకిలో: 275 మిల్లీలీటర్లు.
అరకిలో: 550 మిల్లీలీటర్లు.
15 కిలోలు: పదహారున్నర లీటర్లు.

ఇది వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, పామాయిలు, అన్నిటికీ ఇంటి వాడకానికి సరిపోతుంది. అయిదో పదో గ్రాముల తేడా ఉంటే అది నూనె జాతిని బట్టి, ఎండను బట్టి వచ్చేది. దానికి తగవు పడనక్కరలేదు.

అంగడికి వెళ్లినప్పుడు రెండు పనులు చేయండి. ప్యాకెట్టు అయితే తిప్పి, గ్రాముల అంకె చదవండి. పోయించుకునే నూనె అయితే, “లీటరా, కిలోనా?” అని బేరానికి ముందే అడగండి. నూనె పోసేముందు కాళీ సీసాను త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయించండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. నికార్సయిన వ్యాపారి ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. మా ఊళ్లో ఒక పెద్దశెట్టిగారిని నేను ఇలాగే అడిగితే, “అడిగేవాళ్లు ఉంటేనే గదమ్మా మాకూ తూకం మీద చెయ్యి నిలకడగా ఉండేది” అన్నారు. సీసా సున్నా చేసి, కిలో పోసి, పైన ఒక్క ధార కొసరు వేశారు. ఆ కొసరును మాత్రం నేను తూచలేదు.